గోడ తీసేశాక ఫ్రిజ్ ఎక్కడ, స్టవ్ ఎక్కడ?

ఓపెన్ కిచెన్ ప్లాన్ కాగితం మీద ఎప్పుడూ బాగానే ఉంటుంది. హాలూ వంటిల్లూ కలిసిపోయి ఇల్లంతా ఒకటే పెద్ద గదిలా కనిపిస్తుంది, మధ్యలో ఏ గోడకీ ఆనకుండా విడిగా నిలిచే ఐలాండ్ గట్టు, దాని చుట్టూ మూడు నాలుగు ఎత్తు కుర్చీలు, పైనుంచి వేలాడే లైట్లు. అసలు సంగతి బయటపడేది ఇంట్లో దిగిన మొదటి వారంలో. ఒకరు మిక్సీ వేయగానే సోఫాలో ఉన్నవాళ్లు టీవీ సౌండ్ పెంచడానికి రిమోట్ వెతుక్కుంటారు, ఫోన్‌లో మాట్లాడుతున్నవాళ్లు చెవి మూసుకుని పక్క గదిలోకి పరిగెడతారు. డిష్‌వాషర్ తలుపు కిందికి దించి గిన్నెలు తీస్తుంటే, ఫ్రిజ్‌లో చల్లటి నీళ్ల కోసం వచ్చినవాళ్లు దాన్ని దాటలేక అక్కడే నిలబడిపోతారు. రాత్రి వేయించిన నూనె వాసన పొద్దునకి కర్టెన్లలో తేలుతుంది. వస్తువులన్నీ మంచివే, ఒక్కటీ పాడవలేదు. పెట్టిన చోటే కుదరలేదు.

గోడ ఉన్నన్నాళ్లూ అది ఎంత పని చేస్తోందో ఎవరికీ పట్టదు. చప్పుడు ఆపేది అదే, పొగ ఆపేది అదే, సింక్‌లో పడి ఉన్న అంట్లు చుట్టాల కంట పడకుండా దాచేదీ అదే. హాల్లోంచి పెరట్లోకి పోయే పిల్లలు స్టవ్ పక్కనుంచి దూసుకుపోకుండా అడ్డుకునేది. పైపులకీ వైర్లకీ చిమ్నీ గొట్టానికీ ఆనుకునే చోటు ఇచ్చేది. దాన్ని పడగొట్టినంత మాత్రాన ఈ పనులు మాయమైపోవు, వేరే ఎవరో ఒకరు మోయాలి. ఓపెన్ కిచెన్‌లో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలన్న లెక్క మొత్తం ఇక్కడే మొదలవుతుంది: గోడ చేసే ఈ పనిని ఇప్పుడు ఏది చేస్తుంది? కొంత దూరం చేయాలి, కొంత ఎత్తు చేయాలి, కొంత వస్తువు ముఖం ఎటు తిప్పామన్నది చేయాలి, మిగిలింది డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

చాలామంది డిజైనర్లు మొదట చెప్పేది త్రికోణం సూత్రం. సింక్, స్టవ్, ఫ్రిజ్ ఈ మూడిటినీ కలుపుతూ గీత గీస్తే ప్రతి భుజం 4 నుంచి 9 అడుగుల లోపు ఉండాలని, మొత్తం కలిపితే 26 అడుగులు దాటకూడదని. ఈ ఆలోచన 1940లలో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగం చేసిన పని నుంచి వచ్చింది. అంతకు ముందే, 1926లో, ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఇళ్ల పథకం కోసం ఒక వంటిల్లు గీశారు. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు సుమారు 3.4 మీటర్లు. రైలు పెట్టెల్లో ఉండే వంటగదుల్లాగా అన్నీ చేతికి అందేంత దగ్గర్లో, ఒక్క అడుగు కూడా వృథా పోకుండా. ఈ రెండిట్లోనూ దాగి ఉన్న ఊహ ఒకటే. వంట చేసేది ఒక్కరు, ఆ ఒక్కరూ నాలుగు గోడల మధ్య ఉంటారు, మిగతావాళ్లు అటు రారు.

ఓపెన్ కిచెన్‌లో ఆ ఊహే కూలిపోతుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఉంటారు, వస్తువులు మూడు కాదు ఎనిమిదో తొమ్మిదో. కాబట్టి త్రికోణాన్ని పారేయనక్కర్లేదు గానీ దాన్ని వేరేగా వాడాలి. భుజాల పొడవు కొలవడం తేలికే, ఆ గీతల్ని అడ్డంగా కోసుకుంటూ ఇంట్లోవాళ్లు ఎవరెవరు నడుస్తారో చూడటం అసలు పని. సింక్‌కీ స్టవ్‌కీ మధ్య నుంచి వాకిలికి దారి ఉందంటే, కొలతలన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నా ఆ వంటిల్లు పనికిరాదు. మరుగుతున్న గిన్నె రెండు చేతులతో పట్టుకుని నీళ్లు వంపడానికి సింక్ వైపు తిరిగిన మనిషికి ఎదురుగా సైకిల్ హెల్మెట్ పెట్టుకున్న పిల్లాడు పరిగెత్తుకొస్తే ఏమవుతుందో ఊహించుకుంటే చాలు.

ఫ్రిజ్ విషయానికి వస్తే, ఇంట్లో అందరూ అన్నిటికన్నా ఎక్కువగా వాడే వంటింటి వస్తువు అదే. వంట చేసేవాళ్లు ఒక వైపు నుంచి, దాహం వేసినవాళ్లు ఇంకో వైపు నుంచి వస్తారు. అందుకే దాని చోటు సరిహద్దు. వంట చేసే వరుసకి చివర, హాలు వైపు అంచున. హాల్లోంచి వచ్చినవాళ్లు వంట చేసే చోట అడుగు పెట్టకుండానే తలుపు తీసుకుని, కావలసింది తీసుకుని, వెనక్కి తిరిగి వెళ్లిపోవాలి. సరిగ్గా మధ్యలో, స్టవ్‌కి ఎదురుగా పెడితే ప్రతి పది నిమిషాలకీ ఒకరు "ఒక్క నిమిషం జరుగు" అంటూనే ఉంటారు.

ఇక దాని తలుపు. ఇక్కడ జరిగే పొరపాటు చాలా చిన్నది, కొన్నాళ్లకి పెద్ద చికాకు అవుతుంది. ఫ్రిజ్‌ని మూలకి నెట్టి గోడకి ఆనించి పెడతారు, తలుపు బందులు గోడ వైపే ఉంటాయి. తలుపు సరిగ్గా లంబంగా తెరుచుకుని గోడకి తగిలి ఆగిపోతుంది. చూడ్డానికి తెరుచుకున్నట్టే ఉంటుంది. కానీ లోపల కింద ఉన్న సొరుగు బయటికి రావాలంటే చాలా మోడళ్లలో తలుపు ఇంకొంచెం తెరుచుకోవాలి. దాంతో సొరుగు సగం దాకా వచ్చి తలుపు లోపలి అరకి తగులుకుంటుంది, శుభ్రం చేయడానికి బయటికి తీయాలంటే ఫ్రిజ్ మొత్తాన్ని ముందుకి లాగాల్సిందే. గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ వదిలితే ఈ గొడవే ఉండదు. ఎంత వదలాలో ఆ మోడల్ వెంట వచ్చే ఇన్‌స్టలేషన్ పేజీలో బొమ్మతో సహా ఉంటుంది, కొనకముందే చదవాల్సిన పేజీ అదొక్కటే.

హ్యాండిల్ ఉన్న వైపు కనీసం 15 అంగుళాల ఖాళీ గట్టు ఉండాలని అమెరికాలోని నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతాయి. తీసిన వస్తువు దించడానికి చోటు లేకపోతే తలుపు తెరిచి పెట్టుకునే చేతులు మార్చుకుంటూ నిలబడాల్సి వస్తుంది. లోతు సంగతీ చూసుకోవాలి. గట్టు లోతు మామూలుగా 60 సెంటీమీటర్లు, ఫ్రిజ్ తలుపుతో కలిపి చాలాసార్లు 70 దాటుతుంది, వెనకాల గాలికి వదిలేది అదనం. మూసిన వంటింట్లో ఆ పొడుచుకొచ్చిన పది పదిహేను సెంటీమీటర్లు ఎవరూ పట్టించుకోరు, హాల్లో సోఫాలోంచి చూస్తే మాత్రం అదొక బీరువా అడ్డంగా నిలబెట్టినట్టు ఉంటుంది. వెనక గోడలో ముందే కాస్త లోతు తీయించడమో, చుట్టూ పక్క పలకలు బిగించి దాన్ని ఎత్తు అలమరల్లో కలిపేయడమో చేస్తారు. కలిపేసేటప్పుడు ఒక్కటి మర్చిపోకూడదు: లోపలి వేడిని తోడి బయట పోయడమే ఫ్రిజ్ పని, ఆ వేడి పోవడానికి దారి కావాలి. చుట్టూ బిగించేసి, పక్కనే ఓవెన్ పెడితే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. కరెంటు బిల్లు ఒక బాధ, రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న హాల్లో ఆ గుయ్యిమనే మోత ఇంకో బాధ.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది స్టవ్ గురించి. ఓపెన్ కిచెన్ అనగానే ఐలాండ్ మీద స్టవ్ పెట్టాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. వంట చేస్తూ అందరితో మాట్లాడొచ్చు, గోడ వైపు తిరిగి నిలబడక్కర్లేదు. ఆశ తప్పు కాదు, కాకపోతే దానికి కట్టాల్సిన మూల్యం ఎంతో ముందు తెలియాలి.

పొగ ఎలా పోతుందో చూద్దాం. వేడి గాలి గిన్నె మీంచి పైకి లేస్తూ గొడుగులా విచ్చుకుంటుంది. స్టవ్ వెనక గోడ ఉంటే ఆ పొగ ఒక వైపు గోడని పట్టుకుని పైకి పాకుతుంది, పైన ఉన్న చిమ్నీకి సులువుగా దొరుకుతుంది. ఐలాండ్ మీద నాలుగు వైపులా ఖాళీ. ఎవరైనా పక్కనుంచి నడిచినా, కిటికీలోంచి గాలి వచ్చినా, సీలింగ్ ఫ్యాన్ తిరిగినా, ఏసీ గాలి అటు తగిలినా పొగ పక్కకి ఒరిగి చిమ్నీ కింద నుంచి జారిపోతుంది. అందుకే ఇళ్లలో గాలి ఆడించే పరికరాల తయారీదారుల సంఘమైన హోమ్ వెంటిలేటింగ్ ఇన్‌స్టిట్యూట్ సూచించే లెక్కలో గోడకి ఆనించిన చిమ్నీకి స్టవ్ వెడల్పులో ప్రతి అడుక్కీ నిమిషానికి 100 ఘనపు అడుగుల గాలి లాగే సత్తా ఉండాలి, అదే ఐలాండ్ మీదైతే 150. అంటే 30 అంగుళాల స్టవ్‌కి గోడ దగ్గర 250 సరిపోతే ఐలాండ్ దగ్గర 375 కావాలి. సత్తా పెరిగితే మోత పెరుగుతుంది, ఆ మోత నేరుగా హాల్లోకే. గొట్టం పైకప్పులోంచి పోవాలి కాబట్టి పొడుగూ పెరుగుతుంది, వంపులూ పెరుగుతాయి. ప్రతి వంపూ కొంత గాలిని మింగేస్తుంది.

కొందరు గొట్టం గొడవ లేకుండా, ఫిల్టర్ చేసి గాలిని మళ్లీ గదిలోకే వదిలే చిమ్నీ పెట్టుకుంటారు. జిడ్డులో కొంత, వాసనలో కొంత అది పట్టుకుంటుంది, తేమనీ వేడినీ మాత్రం పట్టుకోదు. గ్యాస్ మండితే వచ్చే నీటి ఆవిరి, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటివి కూడా చాలావరకు ఇంట్లోనే మిగులుతాయి. మూసిన వంటింట్లో అయితే అవి తలుపు దాకా, కిటికీ దాకా పోయి ఆగేవి. ఓపెన్ ఇంట్లో సోఫా గుడ్డ దాకా, పుస్తకాల అర దాకా, తలుపు తెరిచి ఉంటే పడకగది దాకా పోతాయి. రోజూ వేయించే, బాగా పొగ వచ్చే వంట చేసే ఇంట్లో స్టవ్‌ని బయటి గోడకే ఆనించి, చిమ్నీ గొట్టాన్ని వీలైనంత తిన్నగా, పొట్టిగా బయటికి తీయడం మంచిది. మాట్లాడుకోవాలన్న కోరిక తీర్చడానికి ఐలాండ్‌ని ఖాళీ గట్టుగా ఉంచితే చాలు. అయినా వంట చేసేవాళ్లు స్టవ్ ముందు నిలబడే సమయం కన్నా తరుగుతూ, కలుపుతూ, సర్దుతూ గట్టు ముందు నిలబడే సమయమే ఎక్కువ. ముఖం హాలు వైపు ఉండాల్సింది అప్పుడు.

చిమ్నీ ఎక్కడున్నా కొన్ని విషయాలు మారవు. స్టవ్ కన్నా కాస్త వెడల్పుగా ఉంటేనే పొగ అంచుల్లోంచి తప్పించుకోదు, ఐలాండ్ మీదైతే ఇంకొంచెం ఎక్కువ. స్టవ్ నుంచి దాని ఎత్తు సాధారణంగా 60 నుంచి 75 సెంటీమీటర్ల మధ్య, ఏ మోడల్‌కి ఎంతో కంపెనీయే చెబుతుంది. అందంగా కనిపించాలని, హాల్లోంచి చూపుకి అడ్డం రాకూడదని దాన్ని మరీ పైకి ఎత్తేస్తే అది వేలాడే బొమ్మలా మిగులుతుంది, పొగ దాని కిందనుంచే షికారు వెళ్తుంది. పొగ ఎక్కువ వచ్చే పని వెనక బర్నర్ మీద చేస్తే చిమ్నీ మెరుగ్గా పట్టుకుంటుంది, ఇది ఖర్చు లేని చిట్కా. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: చిమ్నీ బయటికి నెట్టినంత గాలి మళ్లీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. తలుపులూ కిటికీలూ బిగించి పెద్ద చిమ్నీ వేస్తే అది ఊపిరాడక అరుస్తుందే తప్ప లాగదు. స్టవ్‌కి దూరంగా, హాలు అవతలి కొసన ఒక కిటికీ కొంచెం తెరిస్తే గాలి హాల్లోంచి వంటింటి వైపు నడుస్తుంది, వాసన వెనక్కి రాదు. ఈ గాలి నడక కోసమైనా స్టవ్ ఇంటికి ఒక చివర ఉండటం మేలు.

ఐలాండ్ మీదే స్టవ్ పెట్టక తప్పని ప్లాన్లూ ఉంటాయి. అప్పుడు కుర్చీలు అదే గట్టుకి ఎదురుగా వేయకూడదు, వేస్తే కనీసం గట్టు లోతు బాగా పెంచాలి లేదా మధ్యలో కొంచెం ఎత్తుగా అడ్డు కట్టాలి. చిమ్మిన నూనె చుక్కకి ఎదురుగా కూర్చుంది పిల్లలా పెద్దలా అన్న తేడా తెలియదు. గిన్నెల పిడులు గట్టు బయటికి రాకుండా స్టవ్‌కి ఒక పక్క 12, రెండో పక్క 15 అంగుళాల ఖాళీ ఉండాలన్నది ఫ్రిజ్ దగ్గర చెప్పిన కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ మార్గదర్శకాల్లోని ఇంకో మాట, ఐలాండ్ మీద అయితే వెనక వైపు కూడా ఖాళీ కావాలి.

ఇప్పుడు చప్పుడు. చప్పుడుని కొలిచే డెసిబెల్ లెక్క మామూలు లెక్కలా ఉండదు. 10 డెసిబెళ్లు పెరిగితే చెవికి సుమారు రెట్టింపు మోతలా వినిపిస్తుంది. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే 60 దగ్గర ఉంటుంది. డిష్‌వాషర్లు 40 నుంచి 50 పైచిలుకు దాకా, చిమ్నీ పూర్తి వేగంతో 60 నుంచి 70 దాకా, మిక్సీ 80 పైనే. వంటిల్లు మూసి ఉన్నప్పుడు 44 డెసిబెళ్ల డిష్‌వాషర్‌కీ 52 డెసిబెళ్ల దానికీ తేడా ఎవరూ అడగరు. ఓపెన్ ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక అది నడిచే గంటా రెండు గంటలూ సరిగ్గా అందరూ టీవీ ముందు కూర్చునే సమయమే. ఫీచర్ల జాబితాలో పది రకాల వాష్ ప్రోగ్రామ్‌లకి డబ్బు పెట్టేకన్నా ఈ ఒక్క అంకె తగ్గించుకోవడానికి పెట్టడం మేలు. చిమ్నీకీ అంతే. మోత భరించలేక చిమ్నీ ఆపేసి వంట చేసే ఇళ్లు బోలెడన్ని. ఆపేసిన చిమ్నీ సత్తా సున్నా. పెద్దది కొని తక్కువ వేగంలో నడపడం, చిన్నది కొని పూర్తి వేగంలో నడపడం కన్నా చెవికి హాయి.

మిక్సీ మోత తగ్గించలేం, దాన్ని దూరంగానైనా పెట్టుకోవాలి. కుర్చీలున్న ఐలాండ్ మీద అసలు వద్దు. ఎత్తు అలమరల వరుస వెనకాల, హాలుకి నేరుగా కనపడని మూల గట్టు మీద, కింద మందపాటి రబ్బరు పలక వేసి పెడితే గట్టు రాయి ద్వారా పాకే అదురు తగ్గుతుంది. స్టోర్ రూమ్ లాంటిది ఉంటే అందులో ఒక గట్టు, ఒక ప్లగ్ పాయింట్ పెట్టించి తలుపు వేసుకోవడం అన్నిటికన్నా మంచి ఉపాయం. అంటే గోడ పూర్తిగా తీసేయకుండా చిన్న ముక్క మిగుల్చుకోవడం అన్నమాట. బట్టల వాషింగ్ మెషీన్ గురించి ఒక్క మాటే: ఓపెన్ కిచెన్‌లో వద్దు, వేరే ఏ మూల దొరికినా సరే.

సింక్, డిష్‌వాషర్ జంట. రెండిటి మధ్య దూరం 36 అంగుళాలు దాటకూడదంటారు, పక్కపక్కనే ఉంటే ఇంకా మంచిది. తడి గిన్నె చేతిలో పట్టుకుని నడిస్తే నేలంతా చుక్కలే. ఇక డిష్‌వాషర్ తలుపు కిందికి దించితే సుమారు 60 సెంటీమీటర్లు ముందుకి వస్తుంది. గట్టుకీ ఐలాండ్‌కీ మధ్య నడవ 42 అంగుళాలు, అంటే సుమారు 107 సెంటీమీటర్లు ఉందనుకుందాం, ఒక్కరు వంట చేసే చోట ఇది సరిపోతుందంటారు. తలుపు తెరిస్తే మిగిలేది 47. దాని ముందు ఒక మనిషి వంగి గిన్నెలు తీస్తుంటే ఇంకొకరు దాటడం కల్ల. ఇద్దరు వాడే వంటింటికి 48 అంగుళాలు, అంటే 122 సెంటీమీటర్లు చెప్పేది ఇందుకే, అప్పుడు కూడా మిగిలేది 62, పక్కకి తిరిగి దూరాలి. కాబట్టి డిష్‌వాషర్‌ని నడకదారి మీద కాకుండా వరుస చివర, ఎవరూ దాటని వైపు పెట్టాలి.

గట్టు మలుపు తిరిగే మూలలో, సింక్‌కి లంబంగా ఉన్న వైపు డిష్‌వాషర్ పెట్టడం ఇంకో ఉచ్చు. తలుపు తెరవగానే అది సింక్ ముందు నిలబడే చోటుని ఆక్రమించేస్తుంది. గిన్నె కడగాలంటే తలుపు మూయాలి, లోపల పెట్టాలంటే మళ్లీ తెరవాలి. మూల నుంచి కనీసం 21 అంగుళాలు జరిపితేనే మనిషి నిలబడటానికి చోటు దొరుకుతుంది. కంచాలూ గ్లాసులూ పెట్టే అలమర డిష్‌వాషర్‌కి చేయి చాపితే అందేంత దగ్గర ఉండాలి, కానీ తెరిచిన తలుపుకి వెనకాల ఇరుక్కునే చోట కాదు. ఈ ఒక్క పని రోజూ చేసేది, ఇంటికొచ్చినవాళ్లు మెచ్చుకునే వేలాడే లైట్ల కన్నా దీని మీద ఎక్కువసేపు ఆలోచించడం తప్పేం కాదు.

సింక్‌ని ఐలాండ్ మీదికి తేవాలా? తేవొచ్చు, నేల కిందుగా పోయే డ్రైనేజీ గొట్టానికి అడుక్కి పావు అంగుళం చొప్పున వాలు ఇవ్వగలిగితే. పది అడుగుల దూరానికి రెండున్నర అంగుళాలు, పై అంతస్తు ఫ్లాట్లలో నేలకీ కింది కప్పుకీ మధ్య ఆ లోతు దొరక్కపోవచ్చు. దొరికినా, సింక్‌లో అంట్లు ఉన్నాయా లేవా అన్నది ఆ ఇంట్లో ఇక రహస్యం కాదు. హాలు వైపు ఆరంగుళాల ఎత్తు చిన్న గట్టు కడితే సోఫాలో కూర్చున్నవాళ్ల చూపుకి సింక్ కనపడదు, నీళ్లు కూడా అటు చిందవు. కూర్చున్న కన్ను ఎత్తుని బట్టే ఈ లెక్క, అందుకే హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని చూడాలి, నిలబడి చూస్తే అర్థం కాదు.

మైక్రోవేవ్ భుజం ఎత్తు దాటకూడదు. వేడి ద్రవం ఉన్న గిన్నెని తల మీంచి దించడం ప్రమాదం. హాల్లోవాళ్లు కూడా వాడతారు కాబట్టి దీన్ని ఫ్రిజ్ దగ్గర, వంట వరుసకి బయట పెట్టొచ్చు, వేడి చేసుకునేవి ఎక్కువగా ఫ్రిజ్‌లోంచే వస్తాయి కదా. ఇంకో తమాషా ఉంది. మైక్రోవేవ్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, పాత రకం వైఫై పనిచేసేదీ 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే. గోడ లేని ఇంట్లో రౌటర్‌ని టీవీ కింద, మైక్రోవేవ్‌కి నాలుగడుగుల దూరంలో పెడితే, ఎవరో ఏదో వేడి చేసుకున్నప్పుడల్లా సినిమా ఆగి గుండ్రంగా తిరుగుతుంది. రౌటర్‌ని జరపడమో, 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకోవడమో చేస్తే సరిపోతుంది.

కెటిల్, టోస్టర్, కాఫీ మెషీన్ లాంటి చిన్న సామాన్లన్నీ గట్టు మీద వరసగా ఉంటే హాల్లోంచి చూడ్డానికి దుకాణంలా ఉంటుంది. మడత తలుపు ఉన్న అలమరలో గట్టు ఎత్తులోనే వాటిని ఉంచి, వాడేటప్పుడు తలుపు తీసి, పనయ్యాక మూసేయడం ఒక పద్ధతి. ఆవిరి వచ్చేవాటిని లోపలే ఉంచి నడిపితే పై పలక ఉబ్బిపోతుంది, అందుకని ముందుకి జరిగే పలక మీద పెట్టాలి. కరెంటు లెక్క కూడా ఇక్కడే వేసుకోవాలి. 230 వోల్టుల లైన్లో 16 ఆంపియర్ల పాయింట్ మోయగలిగేది సుమారు 3,680 వాట్లు. 2,000 వాట్ల కెటిల్, 1,300 వాట్లు లాగే మైక్రోవేవ్, 900 వాట్ల టోస్టర్ ఒకే లైన్ మీద పొద్దున్నే కలిసి నడిస్తే 4,200. బ్రేకర్ పడిపోతే హాల్లో టీవీ కూడా అదే లైన్ మీద ఉందా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది. నాలుగు బర్నర్ల ఇండక్షన్ స్టవ్‌కి, ఓవెన్‌కి విడివిడి లైన్లు తప్పవు. ఐలాండ్‌కి వైరు నేలలోంచే పోవాలి కాబట్టి టైల్స్ వేయకముందే గొట్టం పెట్టించాలి. ఐలాండ్ పక్కల మీద ప్లగ్ పెడితే వేలాడే వైరుని చిన్న పిల్లలు లాగే ప్రమాదం ఉంది, వేడి కెటిల్ ఆ వైరుతో పాటే కిందికి వస్తుంది.

ఎత్తుగా ఉండే వస్తువులన్నీ, అంటే ఫ్రిజ్, గోడ ఓవెన్, నిల్వ అలమర, ఒకే వైపు గుంపుగా పెట్టి మిగతా గట్టంతా ఏకంగా వదిలేస్తే పని చేసుకోవడానికి చోటు ముక్కలు కాదు. ఓవెన్ తలుపు కూడా ముందుకే పడుతుంది, దాని పక్కనో ఎదురుగానో వేడి పళ్లెం దించడానికి గట్టు కావాలి, ఆ మధ్యలో నడకదారి ఉండకూడదు. ఫ్రిజ్‌కీ ఓవెన్‌కీ మధ్య నిల్వ అలమర పెడితే వేడి గొడవా తీరుతుంది.

ఏది తర్వాత జరపగలం, ఏది జరపలేం అన్న తేడా చూసుకుంటే ఏ క్రమంలో ఆలోచించాలో తెలిసిపోతుంది. చిమ్నీ గొట్టం, డ్రైనేజీ, పెద్ద వైర్లు ఒకసారి పడ్డాక పడ్డట్టే, అందుకే స్టవ్, సింక్ చోట్లు ముందు తేలాలి. డిష్‌వాషర్ సింక్ వెంట పోతుంది. ఫ్రిజ్‌కి ఒక ప్లగ్ చాలు, కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు. మైక్రోవేవ్, మిక్సీ ఇంట్లోకి దిగాక కూడా రెండు మూడు చోట్లు మార్చి చూసుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు ఖాళీ నేల మీద రంగు టేపుతో మొత్తం వంటిల్లు అసలు కొలతల్లో గీసి చూడటం ఒక పూట పని. వస్తువుల చోట్లే కాకుండా వాటి తలుపులు తెరిస్తే ఎంత దాకా వస్తాయో కూడా గీయాలి, డిష్‌వాషర్, ఓవెన్ తలుపుల కొలతకి అట్టముక్కలు కత్తిరించి నేల మీద పడేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి మామూలు సాయంత్రం ఎలా గడుస్తుందో అలా నడవాలి. ఒకరు స్టవ్ గడిలో నిలబడాలి, ఒకరు చేతిలో బకెట్ పట్టుకుని అక్కడినుంచి సింక్ గడికి వెళ్లాలి, ఇంకొకరు హాల్లోంచి ఫ్రిజ్ దాకా వచ్చి పోవాలి. ఎవరు ఎక్కడ అట్టముక్క తొక్కారో, ఎక్కడ ఒకరికొకరు అడ్డం పడ్డారో అక్కడ గీత మార్చుకోవచ్చు. ఆ టేపు ఇంకా నేల మీద ఉండగానే ప్లంబర్‌నీ ఎలక్ట్రీషియన్‌నీ పిలిచి చూపించాలి. ప్లాన్ కాగితం కన్నా అది వాళ్లకి తొందరగా అర్థమవుతుంది, పాయింట్లు ఎక్కడెక్కడ రావాలో గోడ మీద సుద్దతో అప్పటికప్పుడే గుర్తు పెట్టేసుకుంటారు.